నాయకత్వం, పేరు, పత్రికలు: ఆడపిల్లల చదువరి బృందానికి ఏ పుస్తకాలు కొనాలి?

మానేరు_ఒడ్డు
కరీంనగర్‌లో నెలకు రెండు ఆదివారాలు ఇరవై మంది అమ్మాయిలను కూర్చోబెట్టి పుస్తకాలు చదివిస్తున్నాను. వారిలో డిగ్రీ చదువుతున్నవారు ఎక్కువ, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఒకరు బ్యాంకులో క్లర్కు. ఈ ఏడాది ఒక దాత పదిహేను వేల రూపాయలిచ్చి, స్త్రీల ఎదుగుదలకూ నాయకత్వానికీ పనికొచ్చే పుస్తకాలు కొనమన్నారు. నేను వెతికిన జాబితాలన్నింటిలోనూ ఇంచుమించు అవే పది పుస్తకాలు కనిపించాయి. పెద్ద కంపెనీల్లో పెద్ద పదవులు చేసిన అమెరికా మహిళలు రాసినవి, ధైర్యంగా మాట్లాడండి, ముందు వరుసలో కూర్చోండి అని చెప్పేవి.

వాటిలో ఒకదాన్ని మూడు వారాలు చదివాము. మూడో వారం ఒక అమ్మాయి లేచి, "మా అమ్మ మా ఊరి పంచాయతీలో వార్డు మెంబరు. సమావేశంలో ధైర్యంగానే మాట్లాడుతుంది. కానీ మర్నాడు ఊళ్లో ఆమె చెప్పిన మాటను మా నాన్న చెప్పిన మాటగా అనుకుంటారు. దీని గురించి ఈ పుస్తకంలో ఏం రాశారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది, ఆ రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

పని చేసిన స్త్రీకి పేరు ఎలా వస్తుంది, ఎలా పోతుంది, పత్రికలు ఆ పేరును ఎలా నిలబెడతాయి లేదా ఎలా దాటేస్తాయి అన్న సంగతులు చెప్పే పుస్తకాలు కావాలి. తెలుగులో ఉంటే మేలు. ఇంగ్లీషువైతే నేను చదివి వారికి చెప్పగలను.

పుస్తకాల_సంచి
మొదట కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' కొనండి, తక్కిన జాబితా తర్వాత ఆలోచించవచ్చు. 2012లో వచ్చింది. ఆవిడ తొంభై ఏళ్లు దాటాక రాసిన ఆత్మకథ.

డల్లాస్_శారద
మీరు మూడు వారాలు చదివింది షెరిల్ శాండ్‌బర్గ్ 2013లో రాసిన 'లీన్ ఇన్' అనుకుంటాను. దాన్ని పూర్తిగా పక్కన పెట్టవద్దని నా మనవి. నేను ఇక్కడ ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్ల వరకు జీతం పెంచమని నోరు తెరిచి అడగలేదు. అడగడం మర్యాద కాదన్నది చిన్నప్పుడే మనసులో నాటుకుపోయింది. ఆ పుస్తకం చదివిన తర్వాతే అడిగాను, ఇచ్చారు.

మీ అమ్మాయి ప్రశ్నకు దగ్గరగా వచ్చే ఉదంతం కూడా అందులో ఉంది. 2003లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక మహిళా పెట్టుబడిదారు నిజ జీవిత కథను విద్యార్థులతో చదివించారు. సగం మందికి హైడీ అన్న ఆమె అసలు పేరుతో, తక్కిన సగం మందికి హొవార్డ్ అన్న మగ పేరుతో ఇచ్చారు, మిగిలినదంతా ఒక్కటే. ఇద్దరూ సమర్థులేనని అందరూ ఒప్పుకున్నారు. అయితే హొవార్డ్ కథ చదివినవారు అతనితో కలిసి పనిచేయడానికి ఇష్టపడ్డారు, హైడీ కథ చదివినవారు ఆమె స్వార్థపరురాలని అన్నారు.

మానేరు_ఒడ్డు
శారద గారూ, ఆ భాగం మేము చదివాము, అమ్మాయిలకు నచ్చింది కూడా. అయితే హైడీ చేసిన పనిని హైడీయే చేసిందని అక్కడ అందరూ ఒప్పుకున్నారు కదా. మా అమ్మాయి బాధ అంతకంటే ముందు మెట్టులో ఉంది. పని ఎవరిదన్న దగ్గరే అక్కడ పేరు మారిపోతోంది.

లెక్కల_టీచర్
ఆ ముందు మెట్టు గురించి మన దేశంలోనే గట్టి పరిశోధన జరిగింది. పుస్తకం కాదు, పరిశోధన పత్రాలు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి మీ పదిహేను వేలలో రూపాయి కూడా ఖర్చు కాదు.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించిన తర్వాత, ఎస్తేర్ డఫ్లో, పెట్యా టొపలోవా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో ఒక పత్రం రాశారు. దాని పేరును తెలుగులో 'గుర్తింపు దక్కని సేవ' అనవచ్చు. స్త్రీలకు కేటాయించిన పంచాయతీల్లో మంచినీటి వసతులు ఎక్కువగా ఉన్నాయని, వాటి నాణ్యత ఏమాత్రం తీసిపోలేదని, లంచం ఇచ్చామని చెప్పినవారు తక్కువని తేలింది. అయినా ఆ ఊళ్లలో జనాన్ని అడిగితే, తమకు అందుతున్న సేవల పట్ల అసంతృప్తి ఎక్కువగా కనిపించింది. నీళ్లు బాగా వస్తున్నాయి, నీళ్లు తెచ్చినామెకు మాత్రం మంచి పేరు రావడం లేదు. నేను ఈ వాక్యాన్ని మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పినప్పుడు ఒక పిల్లవాడు "మా ఇంట్లో అమ్మ వంట లాగా" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయాను.

రెండోది 2009లో వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో లోరీ బీమన్, రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, రోహిణి పాండే, పైన చెప్పిన ఇద్దరూ కలిసి చేశారు. ఒక గ్రామనేత ప్రసంగాన్ని రికార్డు చేయించి కొందరికి మగ గొంతుతో, కొందరికి ఆడ గొంతుతో వినిపించారు. స్త్రీ ప్రధాన్‌ను, అంటే పంచాయతీ అధ్యక్షురాలిని, ఎన్నడూ చూడని ఊళ్లలో ఆడ గొంతు వినిపించినప్పుడు మగవారు తక్కువ మార్కులు వేశారు. రిజర్వేషన్ వల్ల స్త్రీ పాలనను చూసిన ఊళ్లలో ఆ తేడా చాలావరకు పోయింది. నాయకులుగా మగవారే కావాలన్న ఇష్టం మాత్రం ఆ ఊళ్లలోనూ మారలేదు. ఆడవారు నాయకత్వం చేయగలరన్న నమ్మకం కళ్లారా చూస్తే వచ్చింది, వారే కావాలన్న కోరిక రాలేదు. అయినప్పటికీ వరుసగా రెండు విడతలు స్త్రీకి కేటాయించిన చోట్ల, ఆ తర్వాత రిజర్వేషన్ లేని స్థానాల్లో కూడా స్త్రీలు పోటీచేసి గెలవడం పెరిగింది.

గోదారి_లంక
మరి పిల్లల మీద ప్రభావం?

లెక్కల_టీచర్
అదే బృందంలోని నలుగురు 2012లో దాని మీద మరో పత్రం ప్రచురించారు. రెండు విడతలు స్త్రీ ప్రధాన్‌గా ఉన్న ఊళ్లలో, కొడుకుల గురించీ కూతుళ్ల గురించీ తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల్లోని తేడా పాతిక శాతం తగ్గింది, కౌమార వయసు పిల్లలు తమ గురించి తాము పెట్టుకునే ఆశల్లోని తేడా 32 శాతం తగ్గింది. చదువులో ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య ఉన్న వ్యత్యాసం చెరిగిపోయింది. ఆ అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి. వాళ్లమ్మకు ఊళ్లో రావలసిన పేరు రాకపోయినా, ఇరవై మందిలో లేచి ప్రశ్న అడిగే కూతురు తయారైంది.

మానేరు_ఒడ్డు
టీచర్ గారూ, ఈ చివరి మాటను కాగితం మీద రాసుకున్నాను.

పాత_డెస్క్
ఇరవై ఆరేళ్లు ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. 'నాన్న చెప్పిన మాట' ఎలా తయారవుతుందో డెస్క్ వైపు నుంచి చెబుతాను.

మండల విలేకరి దగ్గర సర్పంచ్ ఫోన్ నంబరు అని ఒకటి ఉంటుంది. మహిళా సర్పంచ్ అయిన చోట నూటికి తొంభై సార్లు ఆ నంబరు ఆమె భర్తదో కొడుకుదో. విలేకరికి మేమిచ్చే జీతం నామమాత్రం, ప్రకటనల కమీషన్ మీదే అతని ఇల్లు గడుస్తుంది. పండగలకు శుభాకాంక్షల ప్రకటన ఇచ్చేది భర్త. అందువల్ల వార్త కోసం ఫోన్ చేసినా భర్తకే చేస్తాడు. సాయంత్రం ఐదు గంటలకు వార్త డెస్క్‌కు వచ్చేసరికి, "సర్పంచ్ భర్త మాట్లాడుతూ" అన్న వాక్యంతోనే మొదలై ఉంటుంది. నేను మొదటి ఆరేళ్లు దాన్ని అలాగే పేజీకి పంపాను. ఆ తర్వాత ఒక రోజు మా ఊరి సర్పంచ్ అయిన మా మేనత్త గురించిన వార్త నా చేతికే వచ్చింది. ఫోటోలో మా మామయ్య ఉన్నాడు, వార్తలో మా మేనత్త పేరు నాలుగో పేరాలో ఉంది. ఆ రోజు నుంచి భర్త మాటతో వచ్చిన ప్రతి వార్తనూ వెనక్కి పంపి, ఆమెతో మాట్లాడి మళ్లీ రాయమన్నాను. విలేకరులకు నా మీద కోపం వచ్చింది, కొన్నాళ్లకు అలవాటైంది.

లెక్కలు కావాలంటే, ప్రపంచ మీడియా పరిశీలన ప్రాజెక్టు అని ఒకటి ఐదేళ్లకోసారి అనేక దేశాల్లో ఒకే రోజు వార్తలను లెక్కిస్తుంది. వార్తల్లో కనిపించే, మాట్లాడే మనుషుల్లో స్త్రీలు 1995లో 17 శాతం, 2020లో 25 శాతం. ఆ నివేదికలు కూడా ఉచితమే. మీ అమ్మాయిల చేత ఒక వారం పాటు మీ జిల్లా పేజీలను అదే పద్ధతిలో లెక్కపెట్టించండి.

బడి_గంట
పాత_డెస్క్ గారు చెప్పిన లెక్క మా కాలేజీలో చేయించాము. మగపిల్లలతో కూడా చేయించండి. వారు లెక్కపెట్టిన తర్వాత వాదించడం మానేశారు.

నెల్లూరు_పెన్నమ్మ
ఈ మొత్తం చర్చలో దూబగుంట అనే ఊరి పేరు ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నాను. నాయకత్వం, పత్రిక, పేరు, ఈ మూడూ ఒక్కచోట చూడాలంటే 1992 నాటి నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమాన్ని చదవాలి. అప్పుడు నాకు పదకొండేళ్లు, మాది పక్క ప్రాంతమే, మా అమ్మ రాత్రిబడికి పోయేది.

మొదలైంది అక్షరాస్యత తరగతిలో. కొత్తగా చదువు నేర్చుకునేవారి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల చితికిపోయిన సంసారం, ఊరి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించడం అందులోని సంగతి. మా అమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివి, చివర పలక పక్కన పెట్టేసి, "ఇది మన కథే కదే" అంది. దూబగుంట ఆడవాళ్లు ఆ మాట అనుకొని ఊరుకోలేదు, లేచి వెళ్లి నిజంగానే దుకాణం మూయించారు. వారు చేసిన పని తర్వాతి వాచకంలో పాఠమై ఇతర ఊళ్లకు పోయింది. జిల్లాలో సారా వేలం పాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు.

హైదరాబాద్‌లోని అన్వేషి అనే స్త్రీల అధ్యయన బృందం 1993లోనే దీని మీద ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాసింది. అది ఇంగ్లీషులో ఉంది. చదివి మీ అమ్మాయిలకు తెలుగులో చెప్పండి. నాయకత్వం అంటే వేదిక మీద ఒకరు నిలబడి మాట్లాడడం అనుకునేవారికి, పది మంది కలిసి గడప దాటడం కూడా నాయకత్వమేనని దూబగుంట చూపిస్తుంది.

పాత_డెస్క్
పెన్నమ్మ గారు చెప్పినదానికి ఒక్కటి చేర్చాలి. 'ఈనాడు' ఆ ఉద్యమానికి రోజూ చోటు ఇవ్వకపోతే అది నెల్లూరు దాటి అంత వేగంగా వెళ్లేది కాదు. అది ఎలా సాధ్యమైందంటే, అప్పటికి కొద్ది సంవత్సరాల ముందే, 1989లో, ఆ పత్రిక ప్రతి జిల్లాకూ విడిగా చిన్న సైజు అనుబంధం మొదలుపెట్టింది. అంతకుముందు ఉన్న కొద్ది పేజీల్లో రాష్ట్రమంతటి వార్తలు ఇరికించేటప్పుడు ఒక పల్లెలో ఆడవాళ్లు దుకాణం మూయించడం వార్త అయ్యేది కాదు. జిల్లా పేజీలు నింపవలసి వచ్చినప్పుడు విలేకరి పల్లెకు వెళ్లాడు, వెళ్లినప్పుడు వాళ్లు కనిపించారు. భారతీయ భాషా పత్రికల ఎదుగుదల మీద రాబిన్ జెఫ్రీ 2000లో ప్రచురించిన ఇంగ్లీషు పుస్తకంలో తెలుగు పత్రికల గురించి మంచి చర్చ ఉంది. పేజీల సంఖ్యకూ, ప్రకటనలకూ, వార్తల్లోకి వచ్చే మనుషులకూ ఉన్న సంబంధం దానిలో అర్థమవుతుంది.

నెల్లూరు_పెన్నమ్మ
పత్రిక సాయం చేసిందన్నది నేను కాదనను, ఆ పేజీలు మా ఇంట్లో మా అమ్మ దాచుకుంది. అయితే పేరు సంగతి కూడా మాట్లాడుకోవాలి. దూబగుంటలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతటికీ తెలిసింది, తెలియవలసిందే, ఆమె అర్హురాలు. ఆమెతో పాటు కారం పొట్లాలు, చీపుర్లు పట్టుకొని నిలబడిన తక్కినవారి పేర్లు ఎక్కడ ఉన్నాయి? పత్రికకు ఒక ముఖం కావాలి, ఒక ఊరి పేరు కావాలి. ఉద్యమం మాత్రం వందల ముఖాలతో నడిచింది. మా అమ్మ అరెస్టు కాలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. నాలుగు రాత్రులు రోడ్డు మీద కాపలా కూర్చుంది. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

పాత_డెస్క్
ఒప్పుకుంటున్నాను. రెండు కాలమ్‌ల వార్తలో ఆరు పేర్లు వస్తే నాలుగు కొట్టేయడం మాకు నేర్పిన మొదటి పని. ఎవరివి కొట్టేస్తామో ఆలోచించడం ఎవరూ నేర్పలేదు.

పుస్తకాల_సంచి
పెన్నమ్మ గారి అమ్మగారి వంటివారి కోసమే 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వారు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు వెళ్లి, వారి మాటలను వారి మాటల్లోనే రికార్డు చేసి 1986లో ప్రచురించారు. పోరాటం ముగిసి మూడు దశాబ్దాలు దాటే వరకు ఎవరూ వారిని కూర్చోబెట్టి అడగలేదు. మానేరు_ఒడ్డు గారూ, మీ జిల్లాకు ఇది దగ్గరి చరిత్ర, ఇది తప్పకుండా ఉండాలి.

గోదారి_లంక
'నిర్జన వారధి' గురించి నాకు ఒక సందేహం ఉంది. నేను చదివాను, కన్నీళ్లు పెట్టుకున్నాను, గౌరవం ఉంది. కానీ అది ఒక దుఃఖగాథ కదా. ఇరవై ఏళ్ల అమ్మాయిలకు నాయకత్వం కోసం ఇస్తే, స్త్రీ పోరాడితే చివరికి మిగిలేది ఇదేనన్న భయం కలగదా?

పుస్తకాల_సంచి
నేను దాన్ని అలా చదవలేదు. బాలవితంతువుగా మొదలైన జీవితం అది. ఉద్యమంలో పాటలు పాడింది, బుర్రకథల దళాల్లో తిరిగింది, ఒంటి మీది బంగారం పార్టీకి ఇచ్చింది, అజ్ఞాతంలో బతికింది. భర్త విడిచిపెట్టాక మళ్లీ చదువుకొని, కాకినాడలో అమ్మాయిల హాస్టల్‌లో మేట్రన్‌గా ఉద్యోగం చేసి తన కాళ్ల మీద తాను నిలబడింది. లోకం ఆమెను చాలాకాలం ఒక నాయకుడి భార్యగానే గుర్తుపెట్టుకుంది. పుస్తకం రాశాకే ఆమెను ఆమెగా చూశారు. పేరు మరొకరి చేతిలో ఉన్నప్పుడు ఏమవుతుందో, దాన్ని తొంభై ఏళ్లు దాటాకైనా తిరిగి ఎలా తెచ్చుకోవచ్చో ఇంతకంటే బాగా చెప్పే పుస్తకం నాకు తెలియదు. దుఃఖం ఉంది, నిజమే. దాన్ని పిల్లలకు దాచిపెట్టి నాయకత్వం నేర్పలేము.

గోదారి_లంక
మీరు చెప్పిన తర్వాత మరోసారి చదవాలనిపిస్తోంది. అయినా దానితో పాటు నవ్వుతూ చదివేది కూడా ఒకటి ఉండాలని నా కోరిక. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం ఇవ్వండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సమయంలో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర కాపలా ఉన్న ఆ పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు వచ్చి టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. ఆమే 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, రాజ్యాంగ సభలో కూర్చొని, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. ఈ కథ చెప్పినప్పటి నుంచి మా ఏడేళ్ల మనవరాలు టికెట్ లేకుండా నన్ను పూజగదిలోకి కూడా రానివ్వడం లేదు.

బోయినపల్లి_లక్ష్మి
ఇప్పటివరకు వచ్చిన జాబితాలో ఒక లోటు ఉంది. దళిత స్త్రీల నాయకత్వం గురించి ఒక్క పుస్తకం కూడా ఎవరూ చెప్పలేదు. గోగు శ్యామల గారు రాసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవిత చరిత్ర 'నేనే బలాన్ని' తీసుకోండి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు ప్రచురించారు. సదాలక్ష్మి గారు మంత్రిగా చేశారు, 1960 నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతిగా ఉన్నారు, 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచారు, చివరి రోజుల్లో మాదిగ దండోరాలో పనిచేశారు. ఇన్ని చేసిన మనిషి పేరు మా కాలేజీలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చదివే పిల్లలను అడిగితే నలభై మందిలో ఇద్దరికి తెలిసింది. స్త్రీలకు పేరు రాదని ఇక్కడ అందరూ చెబుతున్నారు, బాగానే ఉంది. ఏ స్త్రీకి ఎంత రాదో కూడా చూడాలి కదా.

అలాగే జహీరాబాద్ దగ్గర మాచనూరు సంగం రేడియోను మీ అమ్మాయిలకు చూపించండి. 2008లో మొదలైంది, నడిపేది దళిత స్త్రీలు, మాట్లాడేది వారి భాషలో, వారి పంటల గురించి, వారి పాటల గురించి. విలేకరి ఫోన్ నంబరు సమస్య అక్కడ లేదు, మైకు వారి చేతిలోనే ఉంది.

మానేరు_ఒడ్డు
లక్ష్మి గారూ, ఆ లోటు నాదే, నా మొదటి పోస్టులోనే ఉండవలసిన మాట అది. మా బృందంలో సగం మంది దళిత అమ్మాయిలు. 'నేనే బలాన్ని' ఐదు ప్రతులు తీసుకుంటున్నాను. సంగం రేడియో దగ్గరకు ఒకరోజు బస్సులో తీసుకువెళ్లడానికి డబ్బు మిగులుతుందేమో చూస్తాను.

డల్లాస్_శారద
మొదట నేను చెప్పిన పుస్తకం సగమే జవాబు అని ఈ చర్చ చదివాక ఒప్పుకుంటున్నాను. దాని స్థానంలో రెండు అమెరికా పుస్తకాలను జంటగా చదవమంటాను. ఇవి పత్రికల లోపలి కథలు.

మొదటిది వాషింగ్టన్ పోస్ట్ అధిపతి కేథరీన్ గ్రాహం 1997లో రాసిన ఆత్మకథ, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందింది. ఆ పత్రికను ఆమె తండ్రి 1933లో వేలంలో కొన్నాడు. బాధ్యత అప్పగించవలసి వచ్చినప్పుడు కూతురికి కాక అల్లుడికి అప్పగించాడు. వాటాలు కూడా అల్లుడికే ఎక్కువ ఇచ్చాడు, ఏ మగవాడూ భార్య కింద పనిచేసే పరిస్థితి రాకూడదని ఆయన కారణం చెప్పాడు. కూతురికి అప్పట్లో అది సహజంగానే తోచిందట. 1963లో భర్త ఆత్మహత్య చేసుకున్న తర్వాత ఆమె పగ్గాలు చేపట్టింది. గది నిండా మగవాళ్లున్న సమావేశాల్లో నోరు పెగలకపోవడం గురించి ఆమె దాచకుండా రాసింది. 1971లో వియత్నాం యుద్ధం గురించిన రహస్య పత్రాలు చేతికొచ్చాయి. కంపెనీ వాటాలను మొదటిసారి ప్రజలకు అమ్ముతున్న రోజులవి, న్యాయవాదులు వద్దంటున్నారు. ఇంట్లో విందు జరుగుతుండగా ఫోన్‌లో, అచ్చు వేయండి అని చెప్పింది ఆమే.

రెండోది లిన్ పోవిచ్ 2012లో రాసినది. న్యూస్‌వీక్ పత్రికలో అప్పట్లో ఆడవాళ్లు సమాచారం సేకరించి సరిచూసి ఇవ్వాలి, మగవాళ్లు వ్యాసం రాసి పేరు పెట్టుకోవాలి. 1970 మార్చిలో స్త్రీల ఉద్యమం మీద ముఖచిత్ర కథనం వేస్తూ, దాన్ని రాయడానికి లోపలి స్త్రీలలో ఎవరూ పనికిరారని బయటి నుంచి ఒక రచయిత్రిని పిలిచారు. ఆ సంచిక వెలువడిన రోజునే అక్కడి 46 మంది స్త్రీలు వివక్ష మీద ఫిర్యాదు చేశారు. ఆ పత్రిక యజమాని ఎవరనుకున్నారు? కేథరీన్ గ్రాహమే. ఫిర్యాదు సంగతి తెలిసి, నేను ఇప్పుడు ఏ పక్షాన ఉండాలి అని అడిగిందట. మొదటి పుస్తకంలో మనం ప్రేమించిన మనిషిని రెండో పుస్తకంలో ఆ అమ్మాయిల బల్ల దగ్గర నుంచి చూస్తాము. పైన ఒక స్త్రీ కూర్చున్నంత మాత్రాన కింది స్త్రీలకు దారి తెరుచుకుంటుందా అన్నది మీ బృందం వాదించుకోవలసిన ప్రశ్న.

లెక్కల_టీచర్
శారద గారి జంట చాలా బాగుంది. నాకు ఇంతకాలం మొదటి పుస్తకం ఒక్కటే తెలుసు.

బడి_గంట
ఒక చిన్న విన్నపం. పత్రికల్లో మహిళల పేజీని ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. ఆడవాళ్లను వంటలు, అందం అనే గదిలో పెట్టి తాళం వేసింది ఆ పేజీయేనని నా అభిప్రాయం.

గోదారి_లంక
నేను ఒప్పుకోలేను. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు 'ప్రమదావనం' నడిపారు. మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని ప్రశ్న ఒకటి ఆవిడకు ఉత్తరంగా రాసింది, జవాబు అచ్చయింది. ఆ కత్తిరింపు మా అమ్మ పోయేదాకా భగవద్గీత పుస్తకంలో ఉంది. అది తాళం వేసిన గది అయితే మా అమ్మకు తెరిచిన కిటికీ ఎక్కడ ఉండేది?

పాత_డెస్క్
ఇద్దరి మాటా నిజమే. ఆ పేజీలో పనిచేసిన సహోద్యోగిని మొదటి పేజీకి మార్చమని ఏడేళ్లు అడిగింది, మార్చలేదు. కానీ ఆమెకు వచ్చినన్ని ఉత్తరాలు మొదటి పేజీ ఎడిటర్‌కు ఎన్నడూ రాలేదు.

పుస్తకాల_సంచి
జాబితాకు మొదటి పునాది కూడా వేద్దాం. భండారు అచ్చమాంబ గారు బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువు నేర్చుకొని, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, 1901లో ప్రచురణ. స్త్రీలు అబలలు, మందబుద్ధులు అన్న మాటకు జవాబుగా మన దేశపు స్త్రీల జీవిత చరిత్రలు సేకరించింది. 1905లో ముప్పై ఏళ్లకే పోయింది. ఈ అంశం మీద తెలుగులో పుస్తకాల జాబితా తయారుచేసేవారెవరైనా ఆమె వెనక నడుస్తున్నవారే.

మానేరు_ఒడ్డు
రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. 'మనకు తెలియని మన చరిత్ర', 'నేనే బలాన్ని', 'నిర్జన వారధి' ఐదేసి ప్రతులు తెప్పించాను. ఇంగ్లీషు పుస్తకాలు రెండూ ఒక్కో ప్రతి. వ్యాసాలు జిరాక్స్ తీయించాను.

నిన్నటి ఆదివారం లెక్కల_టీచర్ గారు చెప్పిన 2004 పత్రం గురించి చెప్పాను. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఈ రోజు సాయంత్రం మా ఇంటికి వచ్చింది. పంచాయతీ కార్యదర్శిని అడిగి, గత రెండేళ్ల తీర్మానాల రిజిస్టరు నుంచి కొన్ని పేజీలు నకలు తీయించుకొని తెచ్చింది. ఎస్సీ కాలనీకి నీటి పైపు వేయాలన్న తీర్మానం ప్రతిపాదించినవారి గడిలో వాళ్లమ్మ పేరు, కింద వాళ్లమ్మ సంతకం ఉన్నాయి. ఆ పైపు నాన్న వేయించినదనే ఇన్నాళ్లూ ఆ అమ్మాయి కూడా అనుకుందట. ఆ కాగితం మీద చెయ్యి పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. దీన్ని వార్తగా రాసి జిల్లా పేజీకి పంపాలని ఉంది, ఎలా రాయాలో తెలియదు అంటోంది.

నెల్లూరు_పెన్నమ్మ
వాళ్లమ్మను కూడా కూర్చోబెట్టి అడిగి రాయమనండి. ఆ రోజు సమావేశంలో ఎవరు అడ్డు చెప్పారు, ఆమె ఏమని జవాబిచ్చింది, పక్కన ఎవరెవరు నిలబడ్డారు. పేర్లన్నీ రాయమనండి.

పాత_డెస్క్
మాది పెద్దపల్లి, మీ ఊరికి బస్సులో వచ్చేస్తాను. వచ్చే ఆదివారం పది గంటలకు ఆ అమ్మాయిని, వాళ్లమ్మగారిని రమ్మనండి, తీర్మానం నకలు కూడా తెమ్మనండి. వార్త ఆ అమ్మాయి రాస్తుంది, నేను పక్కన కూర్చొని దిద్దుతాను. పెన్నమ్మ గారూ, ఈసారి పేర్లు కొట్టేయను.